ఒకే గీత మీద నిలిచిన రెండు ఆమ్లాలు

ఆ కర్మాగారంలో ఆయనను సొంత పేరుతో పిలిచేవాడు హాజరు గుమాస్తా ఒక్కడే. మిగిలినవారందరికీ ఆయన బుడ్డి మామ. కొత్తగా పనిలో చేరినవారు ఆ పేరు విని, పాపం తాగుడు అలవాటున్న మనిషి కాబోలని జాలిపడేవారు. నిజానికి ఆయన చుక్క ముట్టని మనిషి. గంధకామ్లం సాంద్రతను కొలిచే గాజు హైడ్రోమీటరును అక్కడి పనివాళ్ళు బుడ్డి అంటారు. కింద సీసపు గుండ్లు నింపిన పొట్ట, పైన సన్నని మెడ, మెడ లోపల గీతలు గీసిన చిన్న కాగితం. చల్లార్చిన ఆమ్లంలో వదిలితే అది నిటారుగా తేలుతుంది. ద్రవం ఎంత బరువైతే అది అంత పైకి లేస్తుంది. ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ఆయన ఆ మెడ మీది గీతను చూసి, ఆమ్లంలో నీళ్ళు ఎంత కలిశాయో వైద్యుడు నాడి చూసి చెప్పినట్టు చెప్పాడు. ఆ ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆయన లెక్క తప్పిన రోజు లేదు.

తన బతుకులో చెప్పుకోదగినవి మూడే ఉన్నాయని ఆయన తరచు అనేవాడు: బుడ్డి, భార్య, బామ్మర్ది. ఆ వరుస విన్నప్పుడల్లా భార్య, "పోనీలెండి, నాకు రెండో స్థానమైనా దక్కింది" అనేది.

బామ్మర్ది ఆ కర్మాగారంలోనే ఫిట్టరు. పెళ్ళయిన ఏడాదికే అత్తగారు కన్నుమూయగా, భార్య తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. బావే అతనికి స్పానరు పట్టడం నేర్పించాడు, ఉద్యోగంలో చేర్పించాడు. నలభై ఏళ్ళు వచ్చినా అతడు పెళ్ళి చేసుకోలేదు. వెనుక గదిలోనే ఉండేవాడు. ఇద్దరికీ ఒకే షిఫ్టు పడితే దారిపొడుగునా ఎత్తిపొడుపులే.

"బావా, ఆ బుడ్డిని రాత్రిళ్ళు పక్కలో పెట్టుకుని పడుకుంటావటగా, అక్క చెప్పింది."

"నువ్వు స్పానరుతో సంసారం చెయ్యడంలా? అలాగే ఇదీనూ."

"నా స్పానరు పగలదు బావా. ఎప్పటికైనా నీ సంసారమే ముక్కలయ్యేది."

ఇటువంటి మాటలతో గేటు చేరేవారు. లోపలికి వెళ్ళాక మాత్రం పెద్దాయన ముఖం బిగుసుకునేది. పనివేళ ఆయన నవ్వగా చూసినవారు లేరు.

పాత కర్మాగారంలో ఆయన ఉండేది గాలిని ఆరబెట్టే గోపురం దగ్గర. అక్కడి ఆమ్లం నూటికి తొంభై నాలుగు పాళ్ళు. నీళ్ళు ఎక్కువైతే తేలిక, తక్కువైతే బరువు. బుడ్డి లేచిందా, ఆమ్లం చిక్కబడింది, కాసిని నీళ్ళు వదలాలి. దిగిందా, పలచబడింది, నీళ్ళు కట్టేయాలి. ఆయన చదివిన చదువంతా ఆ రెండు ముక్కలే. అవి ఆయనకు ఎన్నడూ ద్రోహం చేయలేదు.

తరువాత విస్తరణ వచ్చింది. ఎరువుల విభాగాన్ని రెట్టింపు చేయదలచారు. అక్కడ ఫాస్ఫారికామ్లాన్ని మరిగించి చిక్కబరచడానికి ఆవిరి కావాలి. అంత ఆవిరికి కొత్తగా నూనె బాయిలరు పెట్టే బదులు, ఆమ్లం తయారయ్యేటప్పుడు పుట్టే వేడినే పట్టుకోవాలని నిర్ణయించారు. అంతవరకు ఆ వేడినంతా ఇనుప గొట్టాల మీద చన్నీళ్ళు కుమ్మరించి పోగొట్టేవారు. ఆరుబయట తెల్లని పొగమంచులా ఆవిరి లేచి పోతుండేది. మేనేజరు పనివాళ్ళందరినీ సమావేశపరచి, "ముప్పై ఏళ్ళుగా మనం ఆకాశానికి కాపడం పెడుతున్నాం. ఇక చాలు" అన్నాడు. అందరూ నవ్వారు.

కొత్త గోపురం లేచింది. అందులో ఆమ్లం రెండు వందల డిగ్రీల వేడితో తిరుగుతూ, ఒక బాయిలరు గుండా పోయి నీటిని ఆవిరి చేస్తుంది. దానికి ఒక్కటే నియమం: ఆమ్లం బలం తొంభై తొమ్మిది పాళ్ళకు తగ్గకూడదు. అంత బలంగా ఉన్నంతవరకు ఆ వేడి ఆమ్లం ఉక్కును ముట్టుకోదు. నీళ్ళు కాస్త ఎక్కువై బలం తగ్గిందా, అదే ఆమ్లం అదే ఉక్కును చెదపురుగులా తినేస్తుంది. అందుకోసం ఒక విద్యుత్ మీటరు అమర్చారు. బలం తగ్గితే అది గంట కొడుతుంది.

మూడు రోజులు తరగతులు పెట్టారు. మొదటి రెండు రోజులు ఆయన చివరి వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పాత గోపురం పంపు ఆగిపోయిందని కబురు వస్తే, హాజరు పట్టీలో సంతకం పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం చెప్పిన పాఠంలో బుడ్డి గురించి ఒక మాట ఉంది. అది ఆయన చెవిన పడలేదు. తిరిగి వచ్చి ఎవరినీ అడగనూ లేదు.

కొత్త గోపురం మొదలైన నెలలోనే మీటరు ఐదుసార్లు గంట కొట్టింది. ఐదుసార్లూ ఆయన నమూనా తీసి, తొట్టిలో చల్లార్చి, బుడ్డి వేసి చూశాడు. ఐదుసార్లూ అది మామూలు గీత మీదే నిలిచింది. నమూనా గొట్టంలో గాలి బుడగ చేరి మీటరు తప్పు చూపుతోందని ఇంజనీర్లు కూడా తేల్చారు. బుడ్డి మామ పేరు కర్మాగారమంతా మారుమోగింది. మీటరు మొరిగితే బుడ్డిని అడగండి అని కుర్ర ఇంజనీర్లే చెప్పుకోసాగారు. ఆయన పైకి ఏమీ అనలేదు గాని, ఆ వారమంతా ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడని భార్య గమనించింది.

ఆరోసారి గంట మోగింది ఒక మధ్యాహ్నం, రెండు గంటల పది నిమిషాలకు. పదవీ విరమణకు ఆయనకింకా ఎనిమిది నెలలున్నాయి. కంట్రోలు గదిలో ఆయన ఉన్నాడు. పని లేక బామ్మర్ది కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నీ బుడ్డికి సవతి పిలుస్తోంది బావా" అన్నాడు ఫిట్టరు.

ఆయన మీట నొక్కి గంట ఆపాడు. నమూనా తెచ్చాడు, చల్లార్చాడు, బుడ్డి వదిలాడు. అది ఊగి ఊగి నిలిచింది. మామూలుకన్నా రెండు గీతలు పైకి తేలింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"బరువెక్కింది. అంటే చిక్కబడింది. ఇదేమో పలచబడిందని కూస్తోంది. పూర్తిగా తిరగబడిందిరా మీటరు."

"మరేం చేస్తావ్?"

"చేసేదేముంది? కాసిని నీళ్ళు పట్టడమే."

నీటి వాల్వును పావు చుట్టు తిప్పాడు. ఇద్దరూ టీ తాగారు. నలభై నిమిషాల తరువాత మరో నమూనా తీసి చూస్తే, బుడ్డి సరిగ్గా పాత గీత మీదకు దిగి కూర్చుంది.

"చూశావా? దారికొచ్చింది" అన్నాడాయన. పుస్తకంలో, 'మీటరు లోపము. ఆమ్లము సరిగానున్నది' అని గుండ్రని అక్షరాలతో వ్రాశాడు.

మూడున్నరకు, పంపు నుంచి బాయిలరుకు పోయే గొట్టం జాయింటు చెమ్మగిల్లుతున్నదని తెలిసింది. అటువంటి పనికి అనుమతి పత్రం వ్రాయించి, నాలుగు సంతకాలు పెట్టించాలి. దానికి అరగంటైనా పడుతుంది.

"కాగితం తర్వాత రాసుకుందాంలే. నువ్వెళ్ళి ఆ నాలుగు బోల్టులూ పట్టించి రా" అన్నాడాయన.

"నువ్వు చెప్పాక తప్పుతుందా బావా" అంటూ ఫిట్టరు బల్ల దిగి వెళ్ళాడు.

లోపల అప్పటికే ఉక్కు కాగితమంత పలచబడి ఉంది. మూడో బోల్టు బిగించేటప్పుడు జాయింటు పక్కన గొట్టం చీలింది. ముఖానికి తొడుక్కున్న ముసుగు అద్దం మసకబారితే ఫిట్టరు దాన్ని ఒక్క క్షణం పైకెత్తి ఉన్నాడు. తోటివాళ్ళు అతణ్ణి ఈడ్చుకెళ్ళి ముప్పావు గంట నీళ్ళధార కింద ఉంచారు. ప్రాణం నిలిచింది. రెండు కళ్ళూ పోయాయి.

ఆసుపత్రిలో మేనేజరు వచ్చి, ఎవరు పంపితే వెళ్ళావని అడిగాడు. కట్లమధ్య నుంచి ఫిట్టరు, "ఎవరూ పంపలేదండి. చెమ్మ కనబడితే నేనే వెళ్ళాను" అన్నాడు. మంచం పక్కనే నిలబడిన బావ మేనేజరు వైపు తిరిగాడు. కాదనడానికి నోరు తెరిచాడు. మేనేజరు అప్పటికే ఆ మాట వ్రాసుకుని కలం మూసేశాడు. తెరిచిన నోరు ఆయనా మూసుకున్నాడు.

ఫిట్టరును ఇంటికి తీసుకువచ్చిన మరునాడు ప్రయోగశాల నుంచి కబురు వచ్చింది. అక్కడి కెమిస్టు నలభై దాటిన మనిషి. మాట తక్కువ. ఆమె బల్ల మీద మూడు పొడవాటి గాజు గొట్టాలు పెట్టి ఉంచింది.

"మామా, మీ బుడ్డి తెచ్చారా? మీదే వెయ్యండి."

మొదటిదానిలో వేశాడు. మామూలు గీత. తుడిచి రెండోదానిలో వేశాడు. రెండు గీతలు పైకి. మూడోదానిలో వేశాడు. మళ్ళీ మామూలు గీత, వెంట్రుకవాసి తేడా లేదు.

"మొదటిదీ మూడోదీ ఒకటే" అన్నాడాయన.

"మొదటిది తొంభై తొమ్మిది. నడిమిది తొంభై ఏడు. మూడోది తొంభై ఐదు. స్వయంగా నేనే కలిపాను."

ఆయన మూడో గొట్టం మీదికి వంగి గీతను మళ్ళీ చూశాడు.

"తొంభై ఏడు దాకా బలంతో పాటు బరువూ పెరుగుతుంది మామా. ఆపైన బలం పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. గుట్ట ఎక్కుతూ సగంలో ఉన్నా, దిగుతూ సగంలో ఉన్నా ఎత్తు ఒకటే కదా? ఏ పక్కన ఉన్నామో బుడ్డి చెప్పలేదు. మీరు ఇన్నేళ్ళూ ఒక పక్కనే ఉన్నారు."

"ఆ రోజు..."

"మీ రెండో నమూనా సీసాలో మిగిలింది. ఉండబట్టలేక పరీక్ష చేశాను. తొంభై ఐదు. బాయిలరు గొట్టం కారి నీళ్ళు కలుస్తున్నాయి. మీటరు చెప్పింది నిజమే." ఆమె తలవంచుకుంది. "నా రిజిస్టర్లో రాసి పెట్టాను. ప్రమాదం మీద పై వాళ్ళ రిపోర్టు అప్పటికే వెళ్ళిపోయింది. ఎవరూ అడగలేదు. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను."

కారుతున్న నీటికి తోడు తాను మరి కొన్ని నీళ్ళు వదిలాడు. ఆ ఆలోచన ఆయనకు ఇంటి దారిలో, ఒక మందుల దుకాణం ముందు బామ్మర్ది గాయాలకు పూత మందు కొంటూ ఉండగా వచ్చింది. చిల్లర తీసుకోకుండానే నడిచి వచ్చేశాడు.

చెప్పాలనే అనుకున్నాడు. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాడు. లోపలికి అడుగుపెట్టేసరికి ఫిట్టరు మంచం మీద కూర్చుని తన అరచేతులను ఒకదానితో ఒకటి తడుముకుంటున్నాడు.

"బావా, వచ్చావా? ఈ చేతులకు బలుపు బావా. మూడో బోల్టు దగ్గర ఆగాల్సింది. ఇంకో పట్టు పట్టాయి. ఇరవై ఏళ్ళు నువ్వు చెబుతూనే ఉన్నావు, మెల్లగా బిగించరా దున్నపోతా అని. విన్నానా?"

"ఇప్పుడవన్నీ ఎందుకురా."

"ఎందుకేమిటి? కళ్ళు పోయినా చేతులున్నాయి కదా అంటోంది అక్క. ఈ చేతులతో నాకేం పని చెప్పు. అన్నం కూడా వీటితో తినబుద్ధి కావడం లేదు."

నిజంగానే తినడం లేదు. అక్క కలిపి పెడితేనే తినేవాడు. స్పానరు సంచీని ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. స్నానం చేయించేటప్పుడు కూడా ఆ చేతులను ఎవరివో అన్నట్టు పక్కకు పెట్టుకునేవాడు. పెద్దాయన రోజూ అతని వీపు తోమాడు, మందు పూశాడు, గెడ్డం గీశాడు. గీస్తూ ఉంటే ఫిట్టరు, "జాగ్రత్త బావా, ముక్కు కూడా పోతే నన్ను అద్దంలో చూసుకోలేను" అని నవ్వించబోయేవాడు. ఆయనకు నవ్వు రాకపోతే, "ఏమిటి బావా, నా మీద ఇంకా కోపమా? నీ గోపురం పాడుచేశాననా?" అనేవాడు. అప్పుడు చెప్పడం ఇంకా కష్టమయ్యేది. రేపు చెబుదామనుకునేవాడు. రేపులు పదకొండు గడిచాయి.

పదకొండో రోజు ఉదయం కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. భార్య గుమ్మం దగ్గర అందుకుని భర్తకు ఇచ్చింది. చదివే కళ్ళద్దాలు ఆయనవే కదా. ఫిట్టరు మంచం మీద నిటారుగా కూర్చున్నాడు.

"చదువు బావా. గట్టిగా చదువు."

ఆయన చదివాడు. "పైన ఉదహరించిన తేదీన, తాము అనుమతి పత్రము లేకుండా, ఎవరి ఆదేశమును పొందకుండా, తమ ఇష్టానుసారము పనిస్థలమునకు పోయి, బోల్టులను అవసరమునకు మించిన బలముతో బిగించుట వలన గొట్టము చీలి ప్రమాదము సంభవించినదని విచారణయందు తేలినది. ఈ నిర్ణయమును తాము అంగీకరించుచున్నట్లు దిగువ గీత మీద సంతకము చేసి..." అక్కడ ఆయన చదవడం ఆపేశాడు.

"చేసి పంపమంటారు. అంతేగా?" అన్నాడు ఫిట్టరు. "సరిగ్గానే రాశారు. కలం ఇవ్వు బావా. గీత ఎక్కడుందో నాకేం తెలుసు, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టు."

కుడిచేయి చాపాడు. ఆ చేయి గాలిలో అలాగే ఉంది. భార్య కలం తెచ్చి తమ్ముడి వేళ్ళ మధ్య ఉంచింది. పెద్దాయన ఆ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గాని, కదపలేదు.

"బావా?"

"నీ చేతులు ఏ పాపం చెయ్యలేదురా."

"అంటే?"

ఆయన చెప్పాడు. మూడు గాజు గొట్టాలను గురించి, గుట్టకు అటుపక్క ఇటుపక్క గురించి, నీటి వాల్వు పావు చుట్టు గురించి. ఒక్కొక్క మాటను ఊడబెరికినట్టు చెప్పాడు. గొట్టం అప్పటికే కాగితమై ఉందని, చంటిబిడ్డ ముట్టుకున్నా చీలేదని చెప్పాడు. భార్య గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

ఫిట్టరు వేళ్ళ మధ్య ఉన్న కలాన్ని తడిమి చూసుకున్నాడు. తరువాత మెల్లగా, "బుడ్డి తప్పు చెప్పిందన్నమాట" అన్నాడు.

"అది తప్పు చెప్పలేదు. నాకే తెలియలేదు."

"పోనీలే. తెలియకపోతే ఎవరేం చేస్తారు? తెలిసి పంపుతావా నన్ను." ఆ గొంతులో నిజంగానే కోపం లేదు. పెద్దాయనకు ఊపిరి వచ్చినట్టయింది. "ఇంతకూ నీకెప్పుడు తెలిసింది? ఇవాళా?"

కావాలంటే ఆయన అబద్ధమాడవచ్చు. ఆ గదిలో ఆ అబద్ధాన్ని పట్టుకోగలవారు లేరు.

"పదకొండు రోజులైంది."

ఫిట్టరు మణికట్టును విడిపించుకున్నాడు. కలం నేల మీద పడి దొర్లింది.

"పదకొండు రోజులా? నేను ఈ చేతుల్ని తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని విన్నావా? నా గెడ్డం గీస్తూ విన్నావా?"

ఆయన వంగి కలం ఏరుకున్నాడు.

"ఆసుపత్రిలో నిన్ను నేను దాచాను. నువ్వు నా నుంచి దాచావు."

ఆ మాట తరువాత అతడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెద్దాయన ఆ పూటే కార్యాలయానికి వెళ్ళి, ఉత్తరాలు వ్రాసే గుమాస్తా ఎదుట కూర్చున్నాడు. గుమాస్తా కాగితం సరిచేసుకుని, "సర్వీసు చివర్లో ఎందుకండీ ఇవన్నీ? 'పరికరము యొక్క పరిమితి వలన' అని ఒక ముక్క రాస్తాను, అందరికీ మర్యాదగా ఉంటుంది" అన్నాడు.

"మర్యాద వద్దు. నేను చెప్పింది రాయండి."

గుమాస్తా వ్రాశాడు: "హెచ్చరిక గంటను నేనే ఆపితిని. హైడ్రోమీటరును నమ్మి, నీటి వాల్వును నేనే తెరచితిని. అనుమతి పత్రము లేకుండా ఫిట్టరును నేనే పంపితిని. ప్రయోగశాల రిజిస్టరును చూచిన నిజము తెలియును. ఫిట్టరు చేసిన పనియందు దోషము లేదని విన్నవించుకొనుచున్నాను." ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. బయటికి వచ్చేటప్పుడు మేనేజరు ఎదురై, ఏదో అనబోయి, దారి ఇచ్చాడు.

ఆయనను గోపురం నుంచి తప్పించి గోదాములో కూర్చోబెట్టారు. కొత్త గోపురం గదిలోని హైడ్రోమీటర్లన్నింటినీ ఏరి పెట్టెలో పెట్టి ఆ గోదాముకే పంపారు. వాటిని లెక్క చూసి తీసుకున్నట్టు వ్రాయవలసింది ఆయనే. వ్రాశాడు. గోపురం మరమ్మతై మళ్ళీ మొదలైంది. ఎరువుల విభాగానికి ఆవిరి అందుతోంది. పాత కర్మాగారం మీద తెల్లని మంచు ఇప్పుడు లేవదు.

ఇంట్లో ఫిట్టరు తన చేతులతో తానే అన్నం తినసాగాడు. గెడ్డం మాత్రం ఎవరినీ గీయనివ్వలేదు. స్పానరు సంచీ మంచం కిందికి తిరిగి వచ్చింది. ఇంటి కుళాయి కారుతుంటే తడుముకుంటూ వెళ్ళి, వేళ్ళతో వాషరు వెతికి, తానే బిగించాడు. అక్కతో మాట్లాడేవాడు, పక్కింటివాళ్ళతో హాస్యాలాడేవాడు. బావ అడుగుల చప్పుడు వినబడితే మాట ఆపేవాడు.

రెండు నెలలకు మరో ఉత్తరం వచ్చింది. దానిని అక్క చేత చదివించుకున్నాడు. ఆమె చదువు అంతంత మాత్రం. ఒక్కొక్క అక్షరాన్ని కూడబలుక్కుంటూ, మునుపటి నిర్ణయము రద్దు చేయబడినదని, దోషము ఆపరేటరుదేనని తేలినదని, ఇందుకు సమ్మతించినట్లు దిగువ గీత మీద సంతకము చేయవలెనని చదివింది. చదవడానికి పావుగంట పట్టింది. అంతసేపూ ఆయన గడప మీద కూర్చునే ఉన్నాడు, మంచానికి రెండు బారల దూరంలో.

"అక్కా, ఆపరేటరు గారు ఇంట్లో ఉన్నారా?" అన్నాడు ఫిట్టరు.

ముప్పై ఏళ్ళలో ఆ మనిషి నోట బావా అన్న పిలుపు తప్ప మరొకటి ఆయన వినలేదు. భార్య భర్తవైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"ఉన్నారు" అంది.

"ఒకసారి రమ్మను. గీత ఎక్కడుందో వారికి బాగా తెలుసు."

ఆయన లేచి వెళ్ళి మంచం పక్కన వంగాడు. ఆ కుడిచేయి మణికట్టు పట్టుకుని, కలం మొన గీత మీద ఆనేవరకు జరిపాడు. ఆ చేయి ఎదురు తిరగలేదు, సాయపడనూ లేదు. ఎక్కడ పెడితే అక్కడ ఉండే పనిముట్టులా కదిలింది. అతడు సంతకం పెట్టాడు. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.

"సరిగ్గా పడిందాండి?"

"పడింది."

"మరి, మీరు వెళ్ళి కూర్చోండి" అన్నాడు ఫిట్టరు. ఆయన చేయి తాకిన చోటును చొక్కా అంచుతో తుడుచుకుని, మంచం కింద స్పానరు సంచీ కోసం వెతుక్కున్నాడు.